సింగపూర్‌లో జనం, రోడ్డు, విమానం వినపడని పచ్చని చోటు ఎక్కడుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: టాంపనీస్‌లో ఉంటున్నారు, కారు లేదు, ఆదివారం పదింటికి మెక్‌రిచీ రిజర్వాయర్‌కి వెళ్తే తిరునాళ్లలా ఉంది, బుకిట్ తీమా కొండ మీద ఫొటోలకి వరస కట్టారు. చెట్ల మధ్య కాసేపు ఏ మోటారు చప్పుడూ లేకుండా కూర్చునే చోటు ఈ దీవిలో ఉందా, లేక ఫెర్రీ ఎక్కి ఇంకో దేశం పోవాల్సిందేనా?

ఉందండి. గంటసేపు ఏకబిగిన ఏ ఇంజినూ వినపడకపోవడం మాత్రం ఇక్కడ చాలా అరుదు. పది పదిహేను నిమిషాల ఖాళీలు, మధ్యలో దూరంగా ఒక విమానం. ఆ మాత్రం దొరికితే మంచి చోటు దొరికినట్టే లెక్క.

పని రోజున సెలవు పెట్టగలిగితే ఈశాన్యాన ఉన్న చిన్న దీవి పులావ్ ఉబిన్, దాని పడమటి సగం. శని, ఆదివారాలే కుదిరితే ఉదయం ఏడింటికల్లా సుంగై బులో మడ అడవి. సగం పూటే ఉంటే అప్పర్ పియర్స్ రిజర్వాయర్ వైపు. మూడింటికీ కారు అక్కర్లేదు. కాస్త నడవాలి, అంతే.

ఏ రోజుకి ఏ చోటు అన్నది ఊరికే పెట్టలేదు. ఈ దేశం మొత్తం సుమారు 735 చదరపు కిలోమీటర్లు, జనం 60 లక్షల పైన. ఎవరికీ తెలియని అడవి అంటూ ఇక్కడ ఏదీ లేదు. ఉన్నవన్నీ అందరికీ తెలిసినవే. అందుకని "ఎక్కడ" అని మాత్రమే వెతికితే మళ్లీ మెక్‌రిచీలోనే తేలతారు. జనం చప్పుడు, రోడ్డు చప్పుడు, విమానం చప్పుడు ఈ మూడింటినీ విడివిడిగా చూసుకోవాలి. మూడింటికీ వేళలు వేరు, దిక్కులు వేరు.

జనం

ఇది అన్నిటికన్నా తేలిక. జనం ఎక్కువగా ఉండేది కార్ పార్కు, టాయిలెట్లు, ఫొటో తీసుకునే చోటు, వీటి చుట్టూ మొదటి కిలోమీటరులోనే. మెక్‌రిచీలో అందరూ ట్రీటాప్ వాక్ కోసం వస్తారు. 250 మీటర్ల వేలాడే వంతెన అది, ఒకే దిశలో నడవాలి, సోమవారం మూసేస్తారు. సోమవారం ఆ దారిలో జనం పల్చబడేది అందుకే. వంతెన మీద ఆశ లేకపోతే మెక్‌రిచీకి సోమవారమే మంచిది. ప్రభుత్వ సెలవు సోమవారం పడితే మాత్రం ఈ లెక్క పనిచేయదు, ఆ రోజు వంతెన తెరిచే ఉంచుతారు.

సూర్యోదయం ఇక్కడ ఏడాదంతా ఏడు గంటలకి అటూ ఇటూగానే. నేచర్ రిజర్వుల దారులు తెరిచేది కూడా ఏడింటికే. కాబట్టి ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు ఉండే గంటన్నరే మీ సొత్తు. ఏడున్నరకి పరుగు పెట్టేవాళ్లు, తొమ్మిదికి కుటుంబాలు, పదికి గుంపులు వస్తాయి. సాయంత్రం ఐదు దాటాక మళ్లీ కొంచెం ఖాళీ అవుతుంది గానీ ఏడింటికి బయటికి వచ్చేయాలి. ఆరున్నర నుంచి చెట్ల మీది కీచురాళ్లు అందుకుంటాయి. పక్క మనిషి మాట వినపడనంత గోల అది. ఆ గోల మీకు ఇష్టమైతే సాయంత్రమే రండి, నిశ్శబ్దమే కావాలంటే పొద్దున్నే రండి.

స్కూలు సెలవులు కూడా చూసుకోండి. జూన్ నెలంతా దాదాపుగా, నవంబర్ నడిమి నుంచి డిసెంబర్ ఆఖరు దాకా, మార్చి, సెప్టెంబర్‌లలో ఒక్కో వారం. ఆ రోజుల్లో పని రోజు కూడా ఆదివారంలాగే ఉంటుంది.

రోడ్డు

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. చెట్లు దట్టంగా ఉంటే రోడ్డు వినపడదనుకుంటారు. పది ఇరవై మీటర్ల చెట్ల వరస రోడ్డుని కంటికి కనపడకుండా చేస్తుందే తప్ప, చప్పుడుని పెద్దగా ఆపదు. ఆపేవి రెండే: దూరం, మధ్యలో మట్టి. ఎక్స్‌ప్రెస్‌వే లాంటి పొడవాటి చప్పుడు, దూరం రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెల్స్ చొప్పున మాత్రమే తగ్గుతుంది. వంద మీటర్ల నుంచి రెండు వందలకి జరిగితే మూడు, నాలుగు వందలకి ఆరు, ఎనిమిది వందలకి తొమ్మిది. చెవికి "సగమైంది" అనిపించాలంటే సుమారు పది తగ్గాలి. మెత్తటి నేల, ఆకులు ఇంకొంచెం మింగుతాయి. మధ్యలో చిన్న గుట్ట అడ్డొచ్చి రోడ్డుకీ మీకూ మధ్య చూపు తెగిందంటే ఒక్కసారిగా ఐదు, ఆపైన తగ్గుతుంది. అంటే మూడు నాలుగు వందల మీటర్లు వెనక్కి నడిచినంత పని ఆ గుట్ట చేసిపెడుతుంది.

కాబట్టి చేయాల్సింది: ప్రభుత్వం వారి వన్‌మ్యాప్ గానీ, మీ ఫోన్‌లోని మామూలు మ్యాప్ గానీ తెరిచి, వెళ్లబోయే దారి మధ్య బిందువు నుంచి దగ్గరి ఎక్స్‌ప్రెస్‌వేకి కొలిచే పరికరంతో దూరం చూడండి. 800 మీటర్ల లోపైతే ఆ చోటు వదిలేయండి, మధ్యలో గుట్ట ఉంటే తప్ప. మెక్‌రిచీ, అప్పర్ పియర్స్ ఉన్న నడి అడవికి పడమట బీకేఈ ఎక్స్‌ప్రెస్‌వే, ఉత్తరాన ఎస్‌ఎల్‌ఈ ఎక్స్‌ప్రెస్‌వే, దక్షిణాన లార్నీ హైవే, పీఐఈ ఎక్స్‌ప్రెస్‌వే, తూర్పున అప్పర్ థామ్సన్ రోడ్డు. మధ్యలో మిగిలింది 2,000 హెక్టార్ల పైచిలుకు సెంట్రల్ క్యాచ్‌మెంట్ రిజర్వు. బుకిట్ తీమా 163 హెక్టార్లే, పైగా బీకేఈ దాన్ని నడి అడవి నుంచి కోసేసింది. జంతువులు దాటడానికి 2013లో 62 మీటర్ల పొడవున ఎకో లింక్ వంతెన కట్టాల్సి వచ్చింది. అక్కడ చెట్లు ఎంత బాగున్నా, తూర్పు వాలున రోడ్డు హోరు వదలదు.

ఇంకొకటి గాలి. గాలి వీచే వైపుకి చప్పుడు ఎక్కువ దూరం పోతుంది. డిసెంబర్ నుంచి మార్చి మొదలు వరకు ఇక్కడ గాలి ఉత్తర, ఈశాన్య దిక్కుల నుంచి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు దక్షిణం వైపు నుంచి. అప్పర్ పియర్స్‌కి పెద్ద రోడ్డు ఉత్తరాన ఉన్న ఎస్‌ఎల్‌ఈ. అందుకని దక్షిణపు గాలి నెలల్లో అది మెరుగ్గా ఉంటుంది. మెక్‌రిచీకి గోల దక్షిణాన్నుంచి. కాబట్టి డిసెంబర్ తర్వాత, వానలు తెరిపిచ్చిన ఫిబ్రవరి రోజుల్లో మెక్‌రిచీ ఉత్తరపు ఒడ్డు హాయిగా ఉంటుంది. తెల్లవారుజామున గాలి కదలనప్పుడు ఈ తేడా బాగా తగ్గిపోతుంది, తొమ్మిది దాటి గాలి లేచాక తెలుస్తుంది.

పాత రాతి క్వారీల సంగతి వేరు. చుట్టూ నిలువు గోడలుంటాయి కాబట్టి బయటి రోడ్డు లోపలికి రాదు. కానీ లోపల ఎవరైనా ఫోన్‌లో మాట్లాడితే ఆ గోడలే దాన్ని తిప్పి తిప్పి వినిపిస్తాయి. ఖాళీగా ఉంటే స్వర్గం, నలుగురుంటే నరకం.

విమానం

దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. మ్యాప్‌లో చోటు చూసి వెళ్లి, తల మీద ఫైటర్ జెట్ పోయేసరికి ఉసూరుమంటారు.

చాంగీ రన్‌వేలు ఇంచుమించు ఉత్తర ఈశాన్యం నుంచి దక్షిణ నైరుతికి ఉంటాయి. విమానాలు ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగుతాయి, ఎదురుగానే లేస్తాయి. ఈశాన్యపు గాలి నెలల్లో ఉత్తరం వైపుకి లేస్తాయి, దక్షిణపు గాలి నెలల్లో ఉత్తరాన్నుంచి వచ్చి దిగుతాయి. లేచే విమానం చప్పుడు దిగేదానికన్నా ఎక్కువ. ఉబిన్ తూర్పు కొసన ఉన్న చెక్ జావా ఈ దారికి బాగా దగ్గర. జూన్, సెప్టెంబర్‌ల మధ్య అక్కడ కొంచెం నయం. ఉబిన్ పడమటి సగానికి వెళ్లమన్నది ఇందుకే.

మిలిటరీ స్థావరాలు మూడు గుర్తుపెట్టుకోండి. పాయా లెబార్, తెంగా, సెంబావాంగ్. శిక్షణ ఎక్కువగా పని రోజుల్లోనే. పాయా లెబార్ రన్‌వేకి ఉత్తరాన పొంగ్గోల్, దాని ముందు కోనీ ఐలాండ్. తెంగాకి ఉత్తరాన క్రాంజి, సుంగై బులో. అందుకే సుంగై బులోని వారాంతానికి పెట్టాను. జనం కొంచెం పెరిగినా ఆకాశం ఖాళీగా ఉంటుంది. ఊరికి ఓ మూలన ఉంది కాబట్టి జనం కూడా మరీ విరగబడరు. కోనీ ఐలాండ్‌కి మాత్రం ఏ రోజూ కలిసిరాదు. పని రోజున విమానాలు, వారాంతంలో సైకిళ్లు.

జూన్, జూలై శనివారాల్లో నేషనల్ డే రిహార్సల్ విమానాలు దక్షిణం వైపు తిరుగుతాయి. సరి సంఖ్య సంవత్సరాల్లో ఫిబ్రవరిలో చాంగీ దగ్గర ఎయిర్‌షో జరుగుతుంది. ఆ వారం, దానికి ముందు వారం ఉబిన్ మానేయండి.

ఇక చోట్లు ఒక్కొక్కటీ

పులావ్ ఉబిన్: టాంపనీస్ నుంచి మీకు ఇదే దగ్గర. బస్సు 29 నేరుగా చాంగీ విలేజ్ దింపుతుంది. పక్కనే చాంగీ పాయింట్ ఫెర్రీ టెర్మినల్. దీవికి పోయే చిన్న మోటారు పడవని బంబోట్ అంటారు, దానికి టికెట్, బుకింగ్ ఏమీ ఉండవు. పన్నెండు మంది అయితే కదులుతుంది, మనిషికి 4 డాలర్లు, నగదు చేతిలో పెట్టాలి. పని రోజు పొద్దున పన్నెండు మంది జమ కావడానికి చాలాసేపు పట్టొచ్చు. తొందరైతే ఉన్నవాళ్లంతా కలిసి 48 డాలర్లు పంచుకుంటే వెంటనే బయల్దేరుతుంది. చిల్లర నోట్లు తీసుకెళ్లండి.

రేవు దిగాక అందరూ కుడివైపు చెక్ జావాకి సైకిళ్లు తొక్కుతారు. మీరు ఎడమకి తిరగండి. మొదట పెకాన్ క్వారీ వస్తుంది, చూపు పడే చోట కొంగలు గూళ్లు కట్టుకుని ఉంటాయి. ఊళ్లో ఇళ్ల దగ్గర డీజిల్ జనరేటర్ల దడదడ ఉంటుంది, అది దాటడానికి పది నిమిషాలు చాలు. అక్కడ్నుంచి పడమటగా పుయాకా కొండ, కెతామ్ క్వారీ వైపు పోయేకొద్దీ సైకిళ్లు కూడా తగ్గుతాయి. పుయాకా 74 మీటర్లే గానీ ఉబిన్‌లో అదే ఎత్తు. దారి పక్కన చెట్లలోంచి గడ్డిరంగు తల పిగిలిపిట్ట పాట వినపడితే అక్కడే ఆగిపోండి. పంజరాల వ్యాపారం వల్ల మిగతా దేశాల్లో దాదాపు తుడిచిపెట్టుకుపోతున్న పక్షి అది, సింగపూర్‌లో, ముఖ్యంగా ఉబిన్‌లో ఇంకా బతికుంది. గొంతు ఎంత నిండుగా ఉంటుందంటే, దూరాన విమానం పోతున్నా ఆ పాట మునగదు.

ఉబిన్‌లో కుళాయి నీళ్ల సరఫరా లేదు, ఊరివాళ్లకి బావులే. గంటకి అరలీటరు నుంచి ముప్పావు లీటరు లెక్కన మీ నీళ్లు మీరే మోసుకెళ్లాలి. పడమట అవుట్‌వర్డ్ బౌండ్ అనే సాహస శిక్షణ సంస్థ వాళ్ల స్థలాల్లోకి వెళ్లకూడదు, బోర్డులుంటాయి. తిరుగు పడవకి చీకటి పడేదాకా ఆగొద్దు. సాయంత్రం మనుషులు తగ్గితే పన్నెండు మంది లెక్క మళ్లీ మీ మీదే పడుతుంది.

చెక్ జావా చూసి తీరాలంటే ఆటు వేళ చూసుకుని వెళ్లండి. నీరు 0.5 మీటర్ల లోపుకి దిగితేనే ఆ బురద మేట బయటపడుతుంది. పోటులో వెళ్తే చెక్క వంతెన మీంచి కనిపించేది మామూలు సముద్రమే. రేవు నుంచి మూడు కిలోమీటర్ల పైన నడక, తెరిచేది ఎనిమిదిన్నరకి.

సుంగై బులో: 202 హెక్టార్ల మడ అడవి. క్రాంజి ఎమ్మార్టీ (మెట్రో) స్టేషన్ నుంచి బస్సు 925. పని రోజుకీ ఆదివారానికీ ఆగే చోటు మారుతుంది, యాప్‌లో చూసుకోండి. ఇక్కడ ఆటుపోట్ల లెక్క ఉబిన్‌కి తలకిందులు. సెప్టెంబర్ నుంచి మార్చి దాకా ఉత్తరాది నుంచి వలస వచ్చే ఉల్లంకులు, ఇతర ఒడ్డు పక్షులు ఆటు వేళ బయట బురదలో మేస్తాయి. పోటు వచ్చి బురద మునిగితే తూము గేట్లున్న లోపలి మడుగుల్లోకి చేరి విశ్రాంతి తీసుకుంటాయి. అంటే పోటుకి అటూ ఇటూ గంటన్నరలో వెళ్లి, పక్షుల్ని చూసే గుడిసెలో కూర్చుంటే అవే మీ ముందుకి వస్తాయి. ఆ గుడిసెలో మాట్లాడకపోవడం అక్కడి అలవాటు. దీవిలో మనుషులు తమంతట తాము నోరు మూసుకునే కొద్ది చోట్లలో అదొకటి. ఒంటికాలి మీద ముడుచుకున్న వందల పక్షులు, గాలి మారినప్పుడల్లా అన్నీ ఒకేసారి ముక్కు తిప్పుకోవడం, బురద చేప ఒకటి ఒడ్డున తోక కొట్టడం. ఆ గంట తొందరపడి లేవకండి.

ఇక్కడ ఉప్పునీటి మొసళ్లున్నాయి, నిజంగానే. దారి దిగొద్దు, నీటి అంచున కూర్చోవద్దు. దారి మధ్యలో పడుకుని ఉంటే చుట్టూ తిరిగి పోవాలని చూడకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి.

అప్పర్ పియర్స్, థామ్సన్ నేచర్ పార్క్: టాంపనీస్‌లో మెట్రో డౌన్‌టౌన్ లైన్ ఎక్కి స్టీవెన్స్‌లో థామ్సన్ ఈస్ట్ కోస్ట్ లైన్‌కి మారి అప్పర్ థామ్సన్, అక్కడ్నుంచి బస్సు. రిజర్వాయర్ దాకా బస్సు పోదు, స్టాప్ నుంచి రెండు కిలోమీటర్ల దాకా నడక. ఆ నడకే జనాన్ని వడకడుతుంది. ఓల్డ్ అప్పర్ థామ్సన్ రోడ్డు 1961 నుంచి 1973 వరకు గ్రాండ్ ప్రీ కార్లు పరుగెత్తిన దారి. ఇప్పుడు ఆ మలుపుల్లో కోతులు కూర్చుంటాయి. పక్కనే థామ్సన్ నేచర్ పార్క్, 50 హెక్టార్లు, పాత హైనానీ పల్లె గోడలు, మెట్లు చెట్ల వేళ్ల మధ్య మిగిలి ఉన్నాయి. తూర్పు అంచున అప్పర్ థామ్సన్ రోడ్డు వినపడుతుంది, పడమటికి జరగండి. రాఫిల్స్ బ్యాండెడ్ లంగూర్ అనే నల్లటి అరుదైన కొండముచ్చు ఈ చుట్టుపక్కలే తిరుగుతుంది. పైన కొమ్మల్లో గలగలమంటే కదలకుండా నిలబడండి.

బుకిట్ బ్రౌన్, 1922లో తెరిచిన పాత చైనీస్ శ్మశానం, పని రోజు పూర్తిగా ఖాళీ. కానీ లార్నీ హైవే దాన్ని చీల్చింది, రోడ్డుకి దూరంగా ఉన్న గుట్టల వెనకే బాగుంటుంది. పాత రైలు దారిని నడక బాటగా మార్చిన 24 కిలోమీటర్ల రైల్ కారిడార్ నడకకి మంచిదే, నిశ్శబ్దానికి కాదు. సెయింట్ జాన్స్, లాజరస్ దీవులు పని రోజున బాగుంటాయి. ఫెర్రీ మెరీనా సౌత్ పియర్ నుంచి. పని రోజుల్లో ఫెర్రీలు తక్కువ, ఆఖరిది తప్పితే చిక్కుబడతారు. కూసూ దీవికి చైనీస్ తొమ్మిదో నెలలో యాత్రికులు వస్తారు, ఆ నెల అటు వద్దు.

వెళ్లాక పరీక్ష

కూర్చోవాలనుకున్న చోట కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు నిలబడండి. రోడ్డు హోరు ఆగకుండా వినపడుతుంటే ఇంకో మూడు వందల మీటర్లు నడవండి, లేదా గుట్టకి అవతలి వాలుకి దిగండి. ఒక్కొక్క వాహనం విడివిడిగా వినపడుతుంటే ఆ చోటు ఫరవాలేదు. ఫోన్‌లో డెసిబెల్ యాప్ అంకెల్ని నమ్మకండి. కీచురాయి ఒకటి పక్కన అరిస్తే ఎక్స్‌ప్రెస్‌వే కన్నా ఎక్కువ చూపిస్తుంది.

చిక్కులు తెచ్చేవి

ఇంటర్నెట్‌లో "రహస్య జలపాతం", "దాచిన అడవి" అని తిరిగే పిన్‌లని పట్టుకుని పోకండి. పడమటి అడవిలో పెద్ద భాగం మిలిటరీ నిజమైన తూటాలతో కాల్పులు చేసే ప్రాంతం. ఎర్ర బోర్డు ఉంటే అక్కడితో ఆగాలి. నేచర్ రిజర్వులో గుర్తించిన దారి దిగితే 2,000 డాలర్ల దాకా జరిమానా. కోతులకి, అడవి పందులకి తిండి పెడితే మొదటిసారే 5,000 దాకా. ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఉద్యోగ అనుమతి) మీద ఉన్నవాళ్లకి జరిమానా ఒక్కటే కాదు, కేసు నమోదు కావడం కూడా తలనొప్పే. కోతుల ముందు ప్లాస్టిక్ సంచి చప్పుడు చేయకండి, తిండి అనుకుని మీద పడతాయి. మూత బిగించిన బ్యాక్‌ప్యాక్ చాలు.

వాన సంగతి: ఏప్రిల్, మే, మళ్లీ అక్టోబర్, నవంబర్‌లలో మధ్యాహ్నం ఉరుములు. జూన్, సెప్టెంబర్‌ల మధ్య తెల్లవారుజామున సుమత్రా నుంచి ఈదురుగాలుల వరస వచ్చి గంటా రెండు గంటల్లో తేలిపోతుంది. దాన్ని చూసి ఇంట్లో ఉండిపోకండి. అది వెళ్లిన గంట తర్వాత ఉన్నంత ఖాళీగా అడవి ఇంకెప్పుడూ ఉండదు, జనం అప్పటికే కార్యక్రమం మానుకుని ఉంటారు. చెక్క వంతెనలు జారతాయి, గట్టి పట్టున్న బూట్లు వేసుకోండి. ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ యాప్‌లో పిడుగు హెచ్చరిక ఉంటే మాత్రం నీటి ఒడ్డునా, కొండ మీదా ఉండొద్దు. ఉబిన్, కోనీ, మడ అడవుల్లో ఇసుక ఈగలు కుడితే వారం దురద. పొడుగు ప్యాంటు, పురుగుల్ని దూరం పెట్టే డీట్ 20 నుంచి 30 శాతం ఉన్న మందు రాసుకోండి.

మీ చివరి మాటకి: మలేషియాలోని జొహోర్, ఇండోనేషియాలోని బింటాన్ వెళ్లొచ్చు, అక్కడ దూరాలు పెద్దవి కాబట్టి నిశ్శబ్దమూ పెద్దదే. కానీ శనివారం పొద్దున జొహోర్‌కి పోయే కాజ్‌వే రోడ్డు మీద ఇమిగ్రేషన్‌కే గంటలు పోతాయి, పోయినంత సమయం తిరిగి రావడానికీ కావాలి. కనీసం రెండు రాత్రులు ఉండగలిగితేనే ఆ దారి చూడండి. ఒక్క పూట ఖాళీ దొరికితే బస్సు 29 ఎక్కండి.